ప్రశ్న – జవాబు: సొంత క్లౌడ్ ఖాతాల్లో ఆఫీసు ఫైళ్లు

ప్రశ్న: మా సంస్థలో కొందరు ఉద్యోగులు ఇంటి దగ్గర పని పూర్తి చేసుకోవడానికి ఆఫీసు ఫైళ్లను తమ సొంత గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఖాతాల్లో పెట్టుకుంటున్నారు. అక్కడ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి (ఇతరులు చదవలేని సంకేత రూపంలోకి మారి) ఉంటాయి కనుక భయం లేదంటున్నారు. నిజమేనా? పూర్తిగా నిషేధించమంటారా?

జవాబు: వారి మాటలో సగం నిజం ఉంది. పేరున్న క్లౌడ్ సంస్థల భద్రత చాలా ఆఫీసుల సొంత సర్వర్ల కంటే మెరుగ్గానే ఉంటుంది. అయితే సరైన పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చిన దొంగను ఆ ఎన్‌క్రిప్షన్ ఆపలేదు. 2012లో ఇతర వెబ్‌సైట్ల నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ఎవరో డ్రాప్‌బాక్స్ ఉద్యోగి ఖాతాలోకే ప్రవేశించగా, అందులో ఉన్న ఒక ప్రాజెక్టు పత్రం నుంచి వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు బయటపడ్డాయి. క్లౌడ్ నడిపే సంస్థకే తప్పని బెడద ఇది.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద చిక్కు లింకులతో వస్తుంది. ‘లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న అనుమతితో ధరల పట్టిక ఒకటి కొనుగోలుదారుకు పంపారనుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే ఫైల్‌లో జీతాల వివరాలతో కొత్త షీట్ చేర్చితే, పాత లింక్ తెరిచిన వారందరికీ అదీ కనిపిస్తుంది. ఖాతా ఉద్యోగిది కనుక, ఆ లింక్ ఎవరెవరి చేతుల్లో ఉందో తెలుసుకునే దారి గానీ, దాన్ని రద్దు చేసే అధికారం గానీ మీకు ఉండదు. ఆ ఉద్యోగి రాజీనామా చేసినా ఇంతే: ఆఫీసు ఈమెయిల్‌ను ఆ రోజే మూసేస్తారు, ఫైళ్లు మాత్రం ఆయన వెంటే వెళ్తాయి.

ఉత్త నిషేధం వల్ల ఒరిగేది తక్కువ. పని ఆగకూడదు కనుక ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో వాట్సాప్‌లోకో చేరతాయి. సంస్థ పేరుతోనే క్లౌడ్ ఖాతాలు తీసుకుని, రెండంచెల ధృవీకరణను (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే పద్ధతిని) తప్పనిసరి చేసి, బయటివారికి లింక్ ఇచ్చే వీలును అవసరమైన వారికే పరిమితం చేయండి. సొంత ఖాతాల్లోని ఫైళ్లను వాటిలోకి మార్పించాక, పాత కాపీలను తీసేయించండి. గూగుల్ డ్రైవ్‌లో తొలగించిన ఫైల్ 30 రోజుల పాటు ట్రాష్‌లో ఉంటుంది కనుక దాన్ని కూడా ఖాళీ చేయించాలి; కంప్యూటర్లలో, ఫోన్లలో విడిగా దించుకున్న కాపీల సంగతి వేరే చూసుకోవాలి.