జర్మనీకి బయల్దేరేముందు డబ్బు సంగతి

చిన్నీ,

కెమ్నిట్స్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు ఇదే ఆలోచన. బట్టలు, పచ్చళ్లు, కుక్కరు అన్నీ మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పగలిగింది డబ్బు గురించి. బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను, చివరి 8 ఏళ్లు విజయవాడలో ఫారెక్స్, అంటే విదేశీ డబ్బు మార్చే కౌంటర్లోనే గడిచాయి, రిటైరయ్యాక మా అబ్బాయి, అదే మీ అన్నయ్య దగ్గరికని జర్మనీకి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. కౌంటర్‌కి ఇవతలా అవతలా రెండువైపులా నిలబడి చూసినదాన్ని, అందుకని కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదువు, మీ నాన్నతో కూడా చదివించు.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకో. ఛార్జీ అని పేరు పెట్టి తీసుకునేది తక్కువ, రేటులో కలిపేసి తీసుకునేది ఎక్కువ. 'కమిషన్ లేదు' అని బోర్డు పెట్టినవాడు యూరోకి మూడు రూపాయలు ఎక్కువ వేసుకుంటే నీకు రసీదులో ఎక్కడా కనపడదు. అందుకే ఎవరి దగ్గరికెళ్లినా అడగాల్సింది ఒకటే: అన్నీ కలిపి నా దగ్గర్నుంచి ఎన్ని రూపాయలు పోతాయి, నాకు ఎన్ని యూరోలు అందుతాయి? ఇద్దరు ముగ్గురిని ఇదే ప్రశ్న అడిగి జవాబులు కాగితం మీద రాసుకుంటే ఎవరు ఎంత తీసుకుంటున్నారో నీకే తెలిసిపోతుంది.

ముందు పెద్ద మొత్తం సంగతి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు వేయాలి కదా, 2024 సెప్టెంబర్ నుంచి ఇదే లెక్క, నెలకి 992 చొప్పున నీ చేతికొస్తుంది. మీ నాన్న బ్రాంచికి వెళ్లి ఫారం నింపి సంతకం పెట్టి వచ్చేస్తే వాళ్లు ఆరోజు కార్డ్ రేటు వేసేస్తారు. కార్డ్ రేటంటే మన చేతిలో ఉండే కార్డు కాదు, పొద్దున్నే బ్రాంచీలకి వచ్చే రేట్ల పట్టీ. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు కంటే అది ఎక్కువే ఉంటుంది, ఆ తేడా వాళ్ల లాభం. చిన్న మొత్తాలకి ఎవరూ తగ్గించరు కానీ దాదాపు 12 లక్షలు పంపేటప్పుడు తగ్గించమని నిరభ్యంతరంగా అడగొచ్చు, అడగందే అమ్మయినా పెట్టదు. మేనేజరు ట్రెజరీ వాళ్లతో, అంటే బ్యాంకులో రేట్లు చూసే విభాగంతో మాట్లాడి మంచి రేటు తెప్పించగలడు. నేను కౌంటర్లో ఉన్నప్పుడు చాలామందికి అలా తెప్పించాను, అడిగినవాళ్లకి మాత్రమే. అడగనివాళ్లు పట్టీలో ఉన్నదే కట్టి వెళ్లిపోయేవాళ్లు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. యూరోకి అర్ధరూపాయి తగ్గినా నీకు 5,952 రూపాయలు మిగులుతాయి. అది చిన్న డబ్బు కాదు.

అదే ఫారంలో ఇంకో గడి ఉంటుంది, దారిలో పడే ఛార్జీలు ఎవరు భరిస్తారని. అక్కడ 'అవర్' అని టిక్ పెట్టించు, అంటే మొత్తం మనమే భరిస్తామని. లేకపోతే మధ్యలో చేతులు మార్చే బ్యాంకు పదో ఇరవయ్యో యూరోలు కోసుకుని మిగతాది పంపుతుంది, అక్కడ 11,904 నిండకపోతే ఆ కాస్తకోసం మళ్లీ ఇంకోసారి పంపాలి, మళ్లీ ఛార్జీలు, మళ్లీ వారం ఎదురుచూపు, వీసా అపాయింట్‌మెంట్ దగ్గరపడుతుంటే ఆ టెన్షన్ నీకెందుకు. మారకం మీద జీఎస్టీ కూడా ఉంటుంది. ఈ మొత్తానికి వెయ్యి రూపాయల చుట్టూ పడుతుంది, దాన్ని ఎవరూ తప్పించలేరు. ఇక టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షలు దాటి బయటికి పంపితే దాటిన భాగం మీద పడుతుంది, ఈ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి ఉంది, అంతకుముందు 7 లక్షలే. చదువుకోసం బ్యాంకు లోను తీసుకుని ఆ డబ్బే పంపితే టీసీఎస్ లేదు. ఒకవేళ పడినా అది పోయిన డబ్బు కాదు, మీ నాన్న రిటర్ను వేసేటప్పుడు చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ మాట ఆయనకి గట్టిగా చెప్పు, చాలామంది మర్చిపోయి వదిలేస్తారు.

ఇక్కడే ఒక మాట కోపంగానే చెప్తున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు 'నా దగ్గర యూరోలున్నాయి, అక్కడ నీకిస్తాను, మీ నాన్నని ఇక్కడ మావాళ్ల ఖాతాలో రూపాయలు వేయమను, బ్యాంకు కంటే మంచి రేటు' అంటారు. మనవాళ్లే, తెలుగులోనే, అక్కా అని పిలిచి మరీ అడుగుతారు. వద్దు. మన విదేశీ మారక చట్టం, ఫెమా, దాన్ని ఒప్పుకోదు, పైగా ఆ వచ్చిన డబ్బు ఎవరి దగ్గర కొట్టేసిందో నీకు తెలియదు, పోలీసులు తీగ లాగితే నీ ఖాతా దగ్గర ఆగుతుంది. ఖాతా స్తంభించిపోయిన విద్యార్థి ఎవరికి చెప్పుకుంటుంది, ఆ దేశంలో ఆ భాషలో? అవసరమైతే అన్నయ్య దగ్గర చేబదులు తీసుకో, అక్కడే యూరోల్లోనే తీర్చెయ్, నేను వాడితో మాట్లాడాను.

అసలు ఛార్జీలు పిండేసేది దిగిన మొదటి ఐదారు వారాలు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు రావాలంటే అక్కడ మామూలు ఖాతా కావాలి, చాలా బ్యాంకులు ఖాతాకి అడ్రసు నమోదు కాగితం అడుగుతాయి, ఆన్‌మెల్డుంగ్ అంటారు, దానికి ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. ఈలోగా గది అద్దె, అడ్వాన్సు, దుప్పటి, సిమ్ము, టికెట్లు. ఇవన్నీ ఇండియా డబ్బుతోనే గడవాలి. అందుకని మూడు రకాలుగా పట్టుకెళ్లు.

నోట్లు ఒక 400 యూరోలు చాలు. నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ దాకా తీసుకెళ్లొచ్చు కానీ అంత డబ్బు బ్యాగులో పెట్టుకుని తిరగడం నాకిష్టం లేదు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కౌంటర్ దాకా ఆగకు, అంత చెడ్డ రేటు ఇంకెక్కడా ఉండదు, వారం ముందే ఊళ్లో తీసుకో. 10లు, 20లు, 50లు అడుగు. 100, 200 నోట్లు చిన్న షాపులవాళ్లు తీసుకోరు. జర్మనీలో ఇప్పటికీ నోట్ల వాడకం ఎక్కువే, కొన్ని బేకరీల్లో, చిన్న హోటళ్లలో కార్డే తీసుకోరు, కాబట్టి పర్సులో ఎప్పుడూ ఒక 50 ఉంచుకో. మన యూపీఐ ఇక్కడి కిరాణా కొట్లోలా అక్కడ నడవదు.

రెండోది ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడే కార్డు, యూరోల్లోనే నింపించింది. రేటు ఇక్కడే ఖాయమైపోతుంది కాబట్టి యూరో దేశాల్లో షాపులో గీకితే మళ్లీ మారకం ఖర్చుండదు. ఏటీఎంలో తీస్తే మాత్రం ఒక్కోసారికి 2 యూరోల చుట్టూ పడుతుంది, నింపినప్పుడు ఎంత, వాడకుండా ఉంచితే ఎంత అనేది తీసుకునేటప్పుడే అడుగు. ఆరు వారాలకి సరిపడా నింపు, ఎక్కువ వద్దు, మిగిలింది మళ్లీ రూపాయల్లోకి మార్చుకుంటే వాళ్లు కొనే రేటు ఇస్తారు, అమ్మే రేటు కాదు, అంటే రెండోసారి కూడా నష్టం.

మూడోది మామూలు డెబిట్ కార్డు, అత్యవసరానికి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు విదేశాల్లో పనిచేయకుండా ఆపి ఇస్తారు, బయల్దేరేముందే యాప్‌లోకి వెళ్లి ఏటీఎం, స్వైపింగ్, ఆన్‌లైన్ మూడింటికీ విడివిడిగా ఆన్ చెయ్. ఓటీపీ వచ్చే నంబరు అక్కడ కూడా బతికుండాలి, రోమింగ్‌లో మెసేజ్‌లు వస్తాయో లేదో కనుక్కో. ఆ కార్డుతో 50 యూరోలు తీస్తే ఎంత పోతుందో లెక్క చూడు. యూరో 100 రూపాయలనుకుందాం. 5,000కి 3.5 శాతం మార్కప్, అదే మారకానికి మన బ్యాంకు అదనంగా వేసేది, 175, దానిమీద 18 శాతం జీఎస్టీ 31.50, మన బ్యాంకు విదేశీ ఏటీఎం ఛార్జీ 150, దాని జీఎస్టీ 27, అక్కడి మెషిన్‌వాడు 5 యూరోలు తీసుకుంటే 500. మొత్తం 883.50, అంటే ఐదువేలకి దాదాపు 18 శాతం! ఇందులో బ్యాంకుని బట్టి అంకెలు కొంచెం అటూఇటూ మారతాయి కానీ తీరు ఇదే. తీసేదేదో ఒకేసారి 300 తీస్తే విడి ఛార్జీలు ఒక్కసారే పడతాయి. బ్యాలెన్స్ ఏటీఎంలో చూడకు, దానికీ డబ్బు తీసుకుంటారు, యాప్‌లో చూసుకో. మార్కప్ లేని కార్డులు ఇప్పుడు కొన్ని వస్తున్నాయి, మీ బ్యాంకులో ఉందేమో అడిగి చూడు, ఉంటే ఈ లెక్కలో మార్కప్, దాని జీఎస్టీ కలిపి 206.50 తగ్గుతుంది. క్రెడిట్ కార్డుతో మాత్రం నోట్లు తీయకు, ఎంత అవసరమొచ్చినా సరే. తీసిన ఫీజు వేరు, ఆ రోజు నుంచే నెలకి మూడున్నర శాతం చుట్టూ వడ్డీ వేరు, బిల్లు వచ్చేదాకా గడువు ఇచ్చేది కొనుగోళ్లకే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. 2019లో అన్నయ్య మమ్మల్ని ప్రాగ్ తీసుకెళ్లాడు, నీ కెమ్నిట్స్‌కి అది దగ్గరే, నువ్వూ తప్పకుండా వెళ్తావు. అక్కడ యూరో కాదు, కొరూనా. పెదనాన్న ఏటీఎంలో కార్డు పెట్టి 4,000 కొరూనాలు అడిగారు. మెషిన్ రూపాయల్లో ఇంత అని చూపించి ఒప్పుకుంటారా అంది, పచ్చ బటన్ కనపడింది, నొక్కేశారు. నేను పక్కనే ఉన్నాను, మన రూపాయలు కనపడ్డాయని మంచిదే అనుకున్నాను, ఆపలేదు. 12,200 చుట్టూ పడాల్సింది 13,600 పడింది. నీ డబ్బుని మన కరెన్సీలోకి మార్చిపెడతాను అని ఆ మెషిన్ తన ఇష్టమొచ్చిన రేటు వేసుకుంటుంది, అంతే. మన బ్యాంకు ఛార్జీలు తప్పుతాయా అంటే అదీ లేదు, విదేశంలో జరిగిన లావాదేవీ కాబట్టి రూపాయల్లో పడినా కొన్ని బ్యాంకులు వాటి ఫీజు అవి వేస్తాయి.

కాబట్టి ఏటీఎంలో గానీ, షాపులో గానీ, హోటల్లో గానీ, రూపాయలా స్థానిక కరెన్సీనా అని అడిగితే ప్రతిసారీ స్థానిక కరెన్సీయే. జర్మనీలో అయితే యూరో, ప్రాగ్‌లో అయితే కొరూనా, పోలండ్‌లో అయితే జ్లోటీ. ఏటీఎం తెర మీద మార్పిడి వద్దు అనే బటన్ చిన్నగా, బూడిద రంగులో, పక్కకి పెట్టి ఉంటుంది, దాన్ని నొక్కితే డబ్బు రాకుండా ఆగిపోతుందేమోనని భయం వేసేలా ఉంటుంది. ఆగదు. నొక్కు, డబ్బులు వస్తాయి, మన బ్యాంకు రేటు మీద వస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో 2020 నుంచి ఆ మెషిన్లు తమ రేటు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు కంటే ఎన్ని శాతం ఎక్కువో చూపించాలన్న నియమం వచ్చింది, యూరోని అక్కడి ఇతర కరెన్సీల్లోకి మార్చేటప్పుడు. నీకు జర్మన్ కార్డు వచ్చాక ప్రాగ్ వెళ్తే ఆ అంకె చూడు, చూస్తే నువ్వే వద్దంటావు. షాపులో అయితే కౌంటర్ అమ్మాయి నిన్ను అడక్కుండానే రూపాయలు నొక్కేయొచ్చు, పిన్ వేసేముందు మెషిన్ మీద ఏ కరెన్సీ ఉందో చదువు. రూపాయలుంటే రద్దు చేసి మళ్లీ కొట్టమను, మొహమాటపడకు. ఆన్‌లైన్లో హాస్టలు, బస్సు టికెట్లు బుక్ చేసేటప్పుడూ ఇంతే, సైటు తనంతట తాను రూపాయల్లో చూపిస్తే యూరోకి మార్చి కట్టు.

ప్రాగ్ వీధుల్లో డబ్బు మార్చే కొట్లలో చేయి పెట్టకపోవడమే మంచిది. పెట్టి మోసపోయావనుకో, 2019 నుంచి అక్కడ చట్టముంది, 1,000 యూరోల లోపు మార్చుకుంటే మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. రసీదు పారేయకూడదు. మాకు ఇది అన్నయ్య స్నేహితుడు తర్వాత చెప్పాడు. ఇంకోటి, యూరోలు నింపిన ఫారెక్స్ కార్డుని కొరూనాల్లో గీకితే మళ్లీ మారకం ఫీజు పడుతుంది, ఆ కార్డు జర్మనీకే ఉంచు.

జర్మన్ ఖాతా తెరిచిన రోజు నుంచి ఇండియా కార్డులు బీరువాలో పెట్టెయ్. అద్దె, ఫీజులు అన్నీ ఆ ఖాతా నుంచే, యూరో దేశాల మధ్య బదిలీకి దేశంలోపల పడే ఛార్జీ కంటే ఎక్కువ తీసుకోకూడదు, 2025 జనవరి నుంచి యూరో దేశాల బ్యాంకులు క్షణాల్లో వెళ్లే బదిలీకి కూడా మామూలు బదిలీ కంటే ఎక్కువ తీసుకోకూడదని రూలు. ఖాతా ఎంచుకునేముందు నెలకి ఎంత తీసుకుంటారో, విద్యార్థులకి ఉచితమా, ఎన్నేళ్ల వయసు దాకా ఉచితం, ఏ ఏటీఎంలలో డబ్బు ఊరికే తీసుకోవచ్చో ఈ నాలుగూ అడుగు. ఊరికే ఇచ్చే ఏటీఎంలు నీ గది దగ్గర లేకపోతే ఆ ఖాతా నీకు పనికిరాదు.

మీ నాన్నని ఈ వారంలోనే మూడుచోట్ల రేటు కనుక్కోమను, ఒకే రోజు, ఒకే గంటలో, ఎందుకంటే రేటు పూటపూటకీ మారుతుంది. రాసుకున్న కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చేయండి, ఆ ఫారం కూడా పట్టుకురండి, కూర్చుని గడిగడీ చూసి నింపుదాం. గుత్తొంకాయ చేస్తాను.

పెద్దమ్మ