అవసరం లేదని తెలిసీ మ్యాక్ మినీ కొనాలనిపిస్తోంది, కొనమంటారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరేళ్ల కిందటి లాప్‌టాప్ ఉంది, కాస్త నెమ్మదించినా పని జరిగిపోతోంది. కానీ స్నేహితుడి ఇంట్లో మ్యాక్ మినీ, అదే ఆపిల్ వాళ్ల పెట్టెలాంటి చిన్న కంప్యూటర్, చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. అవసరం లేదని మీకే తెలుసు, కొనాలా వద్దా అని అడిగారు. 2024 నవంబరులో నాదీ సరిగ్గా ఇదే పరిస్థితి. అందుకే నాకు జరిగింది చెబుతాను.

ఎం4 చిప్‌తో కొత్త మ్యాక్ మినీ అప్పుడే వచ్చింది. అయిదంగుళాల చదరం, రెండంగుళాల ఎత్తు. 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ ఉన్నది అప్పట్లో 59,900 రూపాయలు. రోజూ రాత్రి భోజనాలయ్యాక దాని రివ్యూలే చూసేవాణ్ణి. వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటాను, పదేళ్ల ఫొటోలు సర్దుతాను, పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెడతాను అని మనసులో పెద్ద లిస్టే తయారైంది. ఇవేవీ ఉత్తుత్తి సాకులు కావు, నిజంగానే చేద్దామనుకున్నాను.

ఆ వారంలోనే ఏదో పాత చార్జర్ కోసం వెతుకుతుంటే డ్రాయర్‌లో రాస్ప్‌బెరీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు కనబడింది. 2021లో కొన్నది. బోర్డు అయిదు వేల చిల్లర. తర్వాత డబ్బా, అడాప్టర్, మెమరీ కార్డు, దానికి మైక్రో హెచ్‌డీఎంఐ వైరు వేరే కావాలి కాబట్టి అదీ, ఇలా విడివిడిగా కొన్నాను. దాన్లో పై-హోల్ అనే ప్రకటనలు అడ్డుకునే సాఫ్ట్‌వేర్ వేసి ఇంట్లో అన్ని ఫోన్లకీ ప్రకటనలు ఆపేశాను. ఆ మూడు వారాలూ ఎంత ఆనందంగా గడిచాయో చెప్పలేను. తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం, కొత్త రూటర్‌లో మళ్లీ సెట్టింగ్ పెట్టాలి. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ ఏడాది గడిచిపోయింది. ఆ బోర్డుని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. అది చెడిపోలేదు. దానితో రోజూ చేసే పనంటూ నాకు లేదు, అంతే.

అప్పుడు ఒక పని చేశాను, మీరూ చేసి చూడండి. పార్సిల్ అట్టపెట్టె ఒకటి కోసి, స్కేలుతో కొలిచి, సరిగ్గా అయిదంగుళాల చదరంలో రెండంగుళాల ఎత్తున మడిచి టేప్ వేశాను. దాన్ని టేబుల్ మీద, మ్యాక్ మినీ పెడదామనుకున్న చోట వారం రోజులు ఉంచాను. పెట్టెకి చోటు చాలింది. రెండో రోజు మా ఆవిడ అడిగింది, "మరి స్క్రీన్ ఎక్కడ పెడతారండీ? ఇక్కడే కదా పాప హోంవర్క్ చేసుకునేది?" అని. అంతవరకూ నేను చిన్న పెట్టె గురించే ఆలోచిస్తున్నాను. దాని ముందు ఉండాల్సిన 24 అంగుళాల మానిటర్, కీబోర్డ్, మౌస్, వెనక వైర్లు నా లెక్కలోనే లేవు. టీవీకి కలుపుకోవచ్చు కదా అనిపించింది. ఆ ఆదివారమే లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి, సోఫాలో కూర్చుని ఎక్సెల్ షీట్ తెరిచాను. అక్షరాలు సరిగ్గా కనబడక ముందుకు వంగీ వంగీ అరగంటకే మెడ పట్టేసింది.

తర్వాత కాగితం మీద లెక్క వేశాను. మానిటర్ పది వేలు, కీబోర్డ్ మౌస్ రెండు వేలు. మ్యాక్ మినీకి కెమెరా ఉండదు, ఆఫీసు మీటింగ్‌లకు వెబ్‌క్యామ్ ఇంకో రెండు వేలు. లాప్‌టాప్‌లా బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే అక్కడికక్కడే ఆగిపోతుంది. మా ఇంట్లో ఇన్వర్టర్ అందుకునేలోపే వైఫై బాక్స్ ఒక్కోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది, అందుకని యూపీఎస్ మూడున్నర వేలు. ఫొటోలకు 256 జీబీ ఎటూ చాలదు. 512 జీబీ ది తీసుకుంటే అప్పట్లో 79,900, అంటే ఇరవై వేలు ఎక్కువ. దానికన్నా బయట తగిలించుకునే ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) అప్పట్లో ఏడు వేలకు వచ్చేది. అంతా కలిపితే కొసరే పాతిక వేల దగ్గరికి వచ్చింది. ర్యామ్ కూడా కొన్నాక పెంచుకునే వీలు లేదు, ఎంత కావాలో ముందే తేల్చుకోవాలి.

నో కాస్ట్ ఈఎంఐ ఉంది కదా అని మీరు రాశారు. కార్డు మీద తీసుకుంటే వడ్డీ మేరకు ముందే డిస్కౌంట్ ఇస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలా కార్డులకు ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. పెద్ద మొత్తమేం కాదు. కాకపోతే అవసరం లేని వస్తువుకి నెలనెలా వాయిదా కట్టడం ఎవరికీ మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

చివరికి నేను కొనలేదు. నా లాప్‌టాప్ 2019 నాటిది, లోపల పాత రకం హార్డ్ డిస్క్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపుకి తీసుకెళ్లి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాను. అయిదు వేల చిల్లర అయింది. (2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఇప్పుడు ఇంకా ఎక్కువే అడుగుతారు.) ఆన్ చేస్తే టీ పెట్టుకుని వచ్చేదాకా తిరుగుతూ ఉండే మెషిన్, కుర్చీ లాక్కుని కూర్చునేలోపు రెడీ అవడం మొదలైంది. ఆ రోజు రాత్రి పదకొండింటి దాకా ఫొటోలు సర్దుతూ కూర్చున్నాను. నాకు కావాల్సింది కొత్త కంప్యూటర్ కాదు, విసిగించని కంప్యూటర్ అని అప్పుడు అర్థమైంది.

అలాగని అందరికీ వద్దని చెప్పను. గుంటూరులో మా బావమరిది పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అతని పాత సిస్టమ్‌లో 4కే (బాగా ఎక్కువ క్వాలిటీ) వీడియో ఫైల్ పెడితే చాలు, ప్లే కూడా సరిగ్గా అయ్యేది కాదు. ఎడిట్ చేసిన వీడియో ఫైలుగా తయారవడానికి రాత్రంతా రెండర్ పెట్టి పొద్దున లేచి చూస్తే మధ్యలో ఆగిపోయి ఉండేది. అతను అదే మ్యాక్ మినీ కొన్నాడు, నేనే దగ్గరుండి ఆర్డర్ పెట్టించాను. మానిటర్, యూపీఎస్ అతని దగ్గర ముందే ఉన్నాయి. రెండు సీజన్ల నుంచి దాని మీదే పని నడుస్తోంది.

మీరు కూడా ఒక నెల ఆగండి. కొత్తదానిలో చేద్దామనుకున్న పనుల్లో ఒక్కటి ఇప్పుడున్న లాప్‌టాప్‌లోనే మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులైనా చేస్తూ, లాప్‌టాప్ వల్లే పని ఆగిన రోజు తేదీ రాసుకోండి. నెలాఖరుకి ఆ కాగితం నిండితే నిశ్చింతగా కొనండి. పని మొదలే కాకపోతే, ఆ డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచండి. అప్పటికీ కావాలనే ఉంటే, డబ్బు చేతిలో ఉండి, ఇంట్లో అందరికీ చెప్పి, "ఇది నా సరదా" అని ఒప్పుకుని కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు. పని కోసమని ఇంట్లో చెప్పి కొంటేనే, తర్వాత దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. రాస్ప్‌బెరీ పై కొన్నప్పుడు నేను చేసింది అదే.

ముందుగా ఒక విషయం చూసి చెప్పండి. మీ లాప్‌టాప్‌లో విండోస్ ఉంటే దాని టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (పాత రకం హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా? ర్యామ్ ఎంత? మోడల్ పేరు కూడా రాస్తే, లోపల ఇంకో ర్యామ్ వేసే చోటుందో లేదో చూసి చెబుతాను.