ఆ గొయ్యి పూడ్చెయ్ ముందు

చిన్నోడా,

మధురవాడ ఇంటి వెనక మామిడిచెట్టు నీడన చెక్కపేళ్ల మీద పుట్టగొడుగులు వేస్తానని ఫోన్లో అన్నావు. బాగానే విన్నాను గానీ, "గొయ్యి కూడా తవ్వేశాను పెద్దమ్మా" అనేసరికి గుండె గుభేలుమంది. ఆ గొయ్యి ముందు పూడ్చెయ్.

నేను చేసిన పనే అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, మా వీధిలో కూలిన నిద్రగన్నేరు కొమ్మలు ఎవరికీ అక్కర్లేకుండా పడున్నాయి. పేళ్లు కొట్టించి, ఎర్రమట్టిలో అడుగు లోతు గొయ్యి నింపి, విత్తనం, అదే గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు, చల్లి, రోజూ నీళ్లు పోసి మురిసిపోయాను. నెలన్నరకి గోనె ఎత్తి చూస్తే పేళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి తీసి నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన పొర మిగిలింది, లోపలంతా మట్టి. చెదలు తినేశాయి.

మన భాషలో పుట్టగొడుగంటేనే పుట్ట మీది గొడుగు కదా. అరకు, పాడేరు సంతల్లో వానాకాలం అమ్మే ఆ రకాన్ని చెదపురుగులే పుట్టలోపల సాగు చేసుకుంటాయి, మన వల్ల కాదు. నువ్వు వేసే ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం అలా కాదు, చచ్చిన చెక్కను తనే తింటుంది. అంటే చెదలకీ దానికీ ఒకే కంచం. మందు కొడదామంటే రేపు తినేది మనమే. అందుకని మడి నేలకి తగలకూడదు. సిమెంటు గచ్చు మీదో, రెండు వరసల ఇటుకల మీద పాత రేకు పరిచో వెయ్యి. రేకుకి మేకుతో చిల్లులు కొట్టు, అక్టోబరు, నవంబరు తుపానుల్లో నీళ్లు నిలిస్తే విత్తనం కుళ్లిపోతుంది.

చెక్క సంగతి. మామిడి, పనస, నిద్రగన్నేరు, సుబాబుల్ ఏదైనా మంచిదే. వేప, టేకు వద్దు, వాటికి బూజు పట్టడమే కష్టం. ప్లైవుడ్ పొట్టు అసలే వద్దు, అందులో జిగురు ఉంటుంది. కట్టెల అడితిలో మొద్దులు చీల్చేచోట పేళ్లు రాలి ఉంటాయి, అడిగి తెచ్చుకో. కొట్టి నెల లోపువే తీసుకో. వానలో నానిన పాతకుప్పని ఇంకో బూజు అప్పటికే ఆక్రమించేసి ఉంటుంది. ఆకులు ఏరెయ్, పచ్చాకు కలిస్తే కుప్ప వేడెక్కుతుంది. సన్నపొట్టు ఒక్కటే వేస్తే గాలాడక పుల్లవాసన వస్తుంది, బొటనవేలంత ముక్కలు ఎక్కువుండాలి.

పేళ్లని డ్రమ్ములో ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వార్చి, రెండంగుళాల పొర పరిచి విత్తనం చిదిపి చల్లు. మళ్లీ పేళ్లు, మళ్లీ విత్తనం. మొత్తం ఆరంగుళాలు చాలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి నేను మూడు కిలోల విత్తనం వేస్తాను. దండగంటారు కొందరు. మన ఊరి ఉక్కలో పచ్చబూజు ముందు లేచిందంటే పని అయిపోయినట్టే, కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. విత్తనం సంచి తెల్లగా ఉండాలి, పచ్చమచ్చలుంటే తిప్పి పంపెయ్. ఆ విత్తనం జొన్న, గోధుమ గింజల మీద పెంచినది. చీమలూ ఎలకలూ దిగుతాయి, పైపొర కింద బాగా కప్పు.

వెయ్యాల్సిన కాలం సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు. కాపు వచ్చేసరికి రాత్రుళ్లు చల్లబడతాయి. తెల్లరకానికి 20 నుంచి 28 డిగ్రీలు హాయి. వేసవిలోనూ కావాలంటే గులాబీరంగుది వేసుకో, 30 దాటినా ఓర్చుకుంటుంది. తడిగోనె కప్పి ఉంచు. సముద్రం గాలి మధ్యాహ్నానికి పైపొర ఆరబెట్టేస్తుంది, దాన్ని చూసి బకెట్టు కుమ్మరించకు. చెయ్యి లోపలికి పెట్టి ఒక పేడు తీసి గోరుతో నొక్కు. గోటి కింద చెమ్మ ఊరితే ఇంకేమీ పొయ్యక్కర్లేదు.

రెండు మూడు వారాలకి పేళ్ల మధ్య తెల్లదారాలు అల్లుకుంటాయి. రోజూ తవ్వి చూడకు. మీ పెదనాన్న అలా కెలికే ఒక మడిని చంపేశారు, ఇప్పటికీ ఒప్పుకోరు.

కాపు వచ్చాక గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే గుత్తిని మెలిపెట్టి తీసెయ్. ఆలస్యమైతే తెల్లపొడి రాలుతుంది. పాపకి ఆయాసం ఉంది కదా, ఆ పొడి పీల్చనివ్వకు.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. మడిలో నువ్వు వెయ్యనివి కూడా మొలుస్తాయి. గడ్డిలో తెల్లగా విసనకర్రంత అయ్యే కుక్కగొడుగు ఉంటుంది చూడు, ముదిరాక కింది రేకులు పచ్చబారేది, అది తింటే వాంతులు పట్టుకుంటాయి. వెండి చెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం అని మీ అత్తగారు చెబుతారు. నమ్మకు, ఆ పరీక్షలు ఏవీ పనిచెయ్యవు. నువ్వు వేసిన రకం అని గట్టిగా తెలిస్తేనే వంటింట్లోకి రానియ్యి. తెలిసినదైనా బాగా ఉడికించే తిను. నువ్వుపొడి చల్లి వేపుడు చేస్తే మీ పెదనాన్నకి ఇంకో కూర అక్కర్లేదు.

కాపు తగ్గాక పైన కొత్త పేళ్లు వేస్తూ ఉండు. అడుగున నల్లగా పొడైపోయింది వంగమొక్కలకి వెయ్యి.

ఆదివారం పెందుర్తి వస్తే ఒక సంచి విత్తనం ఇస్తాను. గోనెసంచులు నువ్వే తెచ్చుకో, నావి ఎలకలు కొట్టేశాయి.

మీ పెద్దమ్మ