సెప్టెంబర్ 30 తర్వాత ఫ్లై రాడ్ అటకెక్కించాలా?

ప్రశ్న: "ఈ వేసవిలోనే మిషిగన్‌లో ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాను. సెప్టెంబర్ 30తో ట్రౌట్ సీజన్ అయిపోతుందంటున్నారు. మళ్ళీ ఏప్రిల్ దాకా రాడ్ మూలన పెట్టాల్సిందేనా?"

అక్కర్లేదండీ. నేను డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాను, ఏళ్ళ తరబడి ఐ-75 ఎక్కి మూడు గంటలు పైకి గ్రేలింగ్ వెళ్ళొస్తున్నాను. నన్నడిగితే ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో తెలిసేది అక్టోబర్ తర్వాతే. జూన్‌లో చేప ఆకలి మీద ఉంటుంది, ఫ్లైని (గేలానికి ఈకలు, దారం చుట్టి కట్టిన పురుగు బొమ్మ) కాస్త అటూ ఇటూగా వేసినా వచ్చి పట్టుకుంటుంది. నవంబర్‌లో దాని నోటి ముందుకి తీసుకెళ్ళి పెట్టాలి.

రూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. రూల్స్ పుస్తకంలో టైప్ 1 అని విడదీసిన ట్రౌట్ నదులు, వాగులు ఏప్రిల్ ఆఖరి శనివారం తెరుస్తారు, సెప్టెంబర్ 30కి మూసేస్తారు, మీరు విన్నది వాటి గురించే. ఏడాది పొడవునా తెరిచి ఉండేవి కూడా ఉన్నాయి. ఆసాబుల్ నది మీద బర్టన్స్ ల్యాండింగ్ నుంచి వేక్లీ బ్రిడ్జ్ దాకా సుమారు 8 మైళ్ళు, హోలీ వాటర్స్ అంటారు, అక్కడ ఫ్లైలు మాత్రమే వాడాలి, పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేయాలి, పన్నెండు నెలలూ వెళ్ళొచ్చు. ఆ నదికి భూమిలోంచి ఊటనీళ్ళు వస్తూనే ఉంటాయి కాబట్టి చుట్టూ మంచు పేరుకున్నా నీళ్ళు పారుతూనే ఉంటాయి. మీ లైసెన్స్ మార్చి 31 దాకా చెల్లుతుంది. వెళ్ళేముందు డీఎన్ఆర్ (మిషిగన్ సహజవనరుల శాఖ) వాళ్ళ గైడ్ మాత్రం చూసుకోండి, ఒకే నదిలో వంతెనకి అటొక రూలు, ఇటొక రూలు ఉంటాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. అక్టోబర్, నవంబర్ నెలల్లో బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ గుడ్లు పెడతాయి. "ఎక్కడ పట్టాలి" అనే కన్నా "ఎక్కడ కాలు పెట్టకూడదు" అనేది ముందు నేర్చుకోవాల్సిన కాలం ఇది, దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఒక అక్టోబర్ ఆఖర్లో మా కొలీగ్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కుర్రాడు, ఉప్పాడ వైపు వాడు, చేపలంటే ప్రాణం. పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు పట్టి ఉంది, సన్నగా తుంపర. నదిలో దిగి పది అడుగులు వేశామో లేదో, "అన్నా, అన్నా, అక్కడ చూడు, రెండున్నాయి, పెద్దవి!" అని అప్పటికే రీల్‌లోంచి లైన్ లాగేస్తున్నాడు. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు. నది అడుగంతా నాచు పట్టి ముదురు రంగులో ఉంటే ఆ చోట మాత్రం రెండు మూడు అడుగుల మేర గులకరాళ్ళు తోమి బోర్లించిన గిన్నెల్లా తెల్లగా ఉన్నాయి. దాన్నే రెడ్ (redd) అంటారు, ట్రౌట్ గుడ్లు పెట్టే గుంట. నేను వాడి రాడ్ పట్టుకుని ఆపి, వచ్చిన దారినే గట్టెక్కమన్నాను.

"ఎందుకన్నా? ఇక్కడ ఓపెనే కదా. ఎలాగూ వదిలేస్తాం కదా?"

సరైన ప్రశ్నే అడిగాడు. నేను సమాధానం చెప్పకుండా గట్టు మీద సీడార్ చెట్ల కింద కూర్చోబెట్టాను, ముందు చూడమన్నాను. ఆడ చేప ఉన్నట్టుండి పక్కకి ఒరిగి తోకతో అడుగున టపటపా కొట్టేది, చిన్న రాళ్ళు లేచి ప్రవాహంలో వెనక్కి జారేవి, ఒక్క క్షణం దాని పక్క భాగం అంతా తళుక్కుమనేది. మళ్ళీ నిటారుగా నిలబడేది. కాసేపాగి మళ్ళీ. తోక కింది అంచు రాళ్ళకి కొట్టుకుని అరిగి తెల్లబడిపోయింది, అంత దూరం నుంచి కూడా కనిపించింది. మగది వెనక నిలబడి కాపలా, పొట్ట పసుపు, ఒంటి మీద ఎర్రచుక్కలు, కింది దవడ కొక్కెంలా పైకి వంగి ఉంది. ఇంకో చిన్న మగ చేప దగ్గరికి వస్తే నీళ్ళు చిమ్ముకుంటూ తరిమేది. కుర్రాడు ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

అప్పుడు చెప్పాను. ఈ నీళ్ళలో ఎవరూ హేచరీ నుంచి చేపపిల్లల్ని తెచ్చి పోయరు, ఇక్కడున్నవన్నీ ఇలా పుట్టినవే. ఆ గుడ్లు చలికాలమంతా రాళ్ళ సందుల్లో ఉండి వసంతంలో పిల్లలై బయటికొస్తాయి. మన బూటు ఒక్కసారి పడితే ఎన్ని చితికిపోతాయో లెక్క ఉండదు. పోనీ దిగకుండా గట్టు మీద నుంచే వేసి పట్టావనుకో, ఇన్నాళ్ళు దాచుకున్న ఓపికంతా నీతో పెనుగులాడటానికే ఖర్చయిపోతుంది, వదిలేసినా దాని పని చెడిపోతుంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా దగ్గర వేట ఆపుతారు చూడన్నా, అందుకేగా" అన్నాడు. అందుకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరపడవలు ఒడ్డునే ఉంటాయి, చేప గుడ్లు పెట్టే కాలమని. వేట మీదే బతికేవాళ్ళు ఆపగలుగుతున్నప్పుడు, శనివారం సరదాకి వచ్చే మనం పది గజాలు పక్కకి జరగలేమా?

ప్రతి నవంబర్‌లో ఫేస్‌బుక్ నిండా పెద్ద పెద్ద బ్రౌన్ ట్రౌట్ ఫోటోలు వస్తాయి, కింద రెండొందల లైకులు. ఆ ఫోటోల్లో సగం గుడ్లు పెట్టే చోటు మీద పట్టినవేనని నా గట్టి నమ్మకం. చేప ఒంటి రంగు, అరిగిన తోక చూస్తే తెలిసిపోతుంది. లోతులేని నీళ్ళలో కదలకుండా నిలబడ్డ చేప ముందు ఫ్లై లాగడంలో ఏ నేర్పూ లేదు. వాటికి లైక్ కొట్టకండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. వీకెండ్ భోజనాలకి కలిసినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "తిననప్పుడు పట్టడం దేనికండీ, మూడు గంటలు డ్రైవ్ చేసి?" అని. గ్రేలింగ్ అనే ఊరికి ఆ పేరు ఒక చేప వల్ల వచ్చింది. ఆసాబుల్ నిండా ఉండేది ఆ చేప. అడవులు కొట్టి దుంగలు నదిలో తేల్చారు, దొరికినంత పట్టుకుపోయారు, 1930ల కల్లా మిషిగన్‌లో ఒక్కటి మిగల్లేదు. ఊరి పేరు మాత్రం ఉంది. ఇప్పుడు మనం పట్టే బ్రౌన్ ట్రౌట్ ఇక్కడిది కాదు, 1880ల్లో జర్మనీ నుంచి గుడ్లు తెప్పించి పెంచింది. అదైనా నిలబడాలనే ఈ వదిలేసే పద్ధతి. 1959లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ పుట్టింది కూడా ఈ నది ఒడ్డునే, జార్జ్ గ్రిఫిత్ గారి ఇంట్లో.

ఆయన పేరుతో గ్రిఫిత్స్ నాట్ (gnat) అనే ఫ్లై ఉంది. నెమలి ఈక పీచు, దాని మీద నలుపు తెలుపు చారల కోడి ఈక చుట్టడమే, ఇంట్లో ఎవరైనా కట్టుకోవచ్చు. చలికాలంలో నీటి మీద తేలే దోమల్లాంటి మిడ్జ్ పురుగులకి దీన్ని మించింది లేదు. నా మాట నమ్మి పెట్టె నిండా ఇవే కట్టుకోండి.

ఆ రోజు మేం ఖాళీ చేతులతో ఏమీ రాలేదు. మధ్యాహ్నం దాటాక ఆ తుంపరలోనే బ్లూ వింగ్ ఆలివ్‌లు లేచాయి, బియ్యపు గింజంత పురుగు, బూడిదరంగు రెక్కలు పైకి నిలబెట్టుకుని తేలుతూ వస్తుంది. రెడ్‌లకి దూరంగా, నది మెలిక తిరిగి లోతైన చోట, అడ్డంగా పడిన దుంగ పక్కన చేప మూతులు లేస్తున్నాయి. వాడికి 20 సైజు ఫ్లై (నంబర్ పెరిగేకొద్దీ గేలం చిన్నది) కట్టిచ్చాను. పన్నెండు అంగుళాల బ్రౌన్ ట్రౌట్ పట్టి, నీళ్ళలోంచి పైకెత్తకుండానే గేలం తీసి వదిలాడు. మబ్బు, తుంపర ఉన్న రోజే వెళ్ళండి, ఎండ కాసే రోజుకన్నా వందరెట్లు నయం.

డిసెంబర్ వచ్చాక తెల్లవారుజామున లేచి పరిగెత్తక్కర్లేదు. నీళ్ళు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోతే చేప నెమ్మదిస్తుంది, పదకొండు నుంచి మూడింటి దాకా ఉంటే చాలు, లోతుగా నెమ్మదిగా పారే చోట్లు మాత్రమే చూడండి. రాడ్ రింగుల్లో ఐస్ గడ్డకడుతుంది, లిప్‌బామ్ రాస్తే కాసేపు ఆగుతుంది. ఫెల్ట్ సోల్ (అడుగున ఉన్నిలాంటి అట్ట ఉన్న) బూట్లు వేసుకోవద్దు, మంచు ఉండలు కట్టి కాలు జారుతుంది, రబ్బరు సోల్ కొనుక్కోండి. వేడర్స్ (నదిలో దిగడానికి వేసుకునే, నీళ్ళు లోపలికి రాని పొడవాటి ప్యాంటు) మీద బెల్ట్ బిగించకుండా నదిలో దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు. గడ్డకట్టే చలిలో చేపని గాల్లోకి ఎత్తి ఫోటో తీస్తే మొప్పలు దెబ్బతింటాయి, నీళ్ళలోనే వదిలేయండి. నవంబర్ 15 నుంచి 30 దాకా తుపాకులతో జింకల వేట, ఆ రెండు వారాలు నెత్తి మీద నారింజరంగు టోపీ ఉండాలి. ఫ్లైలకి సన్న దారం ఇంట్లోనే ముడేసుకుని వెళ్ళండి, అక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోయాక 22 సైజు గేలం కన్నులోకి దారం ఎక్కించడం ఎవరి తరమూ కాదు.