సీమ రుచి ఏ సీమది?

సందేహం: మాది చిత్తూరు. పోయిన నెల తిరుపతిలో ఒక బార్బెక్యూ హోటలుకు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో 'సీమ రుచులు' అని రాశారు. పుదీనా చట్నీ పక్కన చెనక్కాయల ఊరిబిండి, చివర్లో చిన్న సంగటి ముద్ద పెట్టేసరికి మా అవ్వ వంటిల్లు గుర్తొచ్చింది. మాతో వచ్చిన విజయవాడ బావగారు మాత్రం "సీమ అంటే విదేశం. బార్బెక్యూ విదేశీ వంట కాబట్టి బోర్డు సరిగ్గానే రాశారు" అని ఆటపట్టించారు. "కాల్చిన చికెన్ ఇంకో రెండు చువ్వలు పెట్టు నాయనా" అని నేనంటే, "కాల్చేది బీడీలు, టపాసులు. చికెన్ని గ్రిల్ చేస్తారు" అని మళ్ళీ నవ్వారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: మొదటి విషయంలో బావగారిది సగం ఒప్పు. రెండో విషయంలో పూర్తిగా తప్పు.

సీమ సంస్కృతం నుంచి వచ్చిన మాట. అసలర్థం ఎల్ల, పొలిమేర. ఎల్లకు పెట్టిన పేరే ఎల్ల లోపలి నేలకూ వచ్చింది: కోనసీమ, పలనాటిసీమ, రాయలసీమ. తెల్లదొరల కాలంలో ఆ మాటే సముద్రం దాటింది. 'సీమకు పోయాడు' అంటే ఇంగ్లండుకని. ఇక ఓడ దిగిన ప్రతిదానికీ సీమ ముద్ర పడింది: సీమసరుకు, సీమసున్నం, సీమచింత, సీమవంకాయ. ఈ చివరి రెండింటి పుట్టిల్లు మెక్సికో వైపు. ఇంగ్లండుతో వాటికేం పని? అయినా దూరం నుంచి వచ్చిందేదైనా మనవాళ్ళకు సీమదే. మీ జిల్లాకు పొరుగువాళ్ళయిన తమిళులు కిరసనాయిలును సీమెణ్ణెయ్ అంటే, కన్నడిగులు సీమెఎణ్ణె అంటారు.

ఒకటి గమనించండి. సీమ పదం చివర ఉంటే మన నేల, మొదట ఉంటే పరాయి సరుకు. ఈ లెక్క చాలాకాలం చక్కగా నడిచింది. దాన్ని చెడగొట్టింది రాయలసీమ వాళ్ళే (నాదీ ఆ వైపే కనుక చొరవగా అంటున్నాను). 1800లో నిజాం ఈస్టిండియా కుంపెనీకి అప్పగించిన ప్రాంతం కాబట్టి అప్పట్లో దత్తమండలాలు అనేవారు. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అని పెట్టుకున్నారు. పేరు నాలుకకు అలవాటయ్యాక ముందుభాగం రాలిపోయి 'సీమ' మిగిలింది. సీమ నీళ్ళు, సీమ రాజకీయం, సీమ రుచులు. మాట మొదటికొచ్చింది, అర్థం మాత్రం మన నేలే. కోనసీమ వాళ్ళు ఇలా కుదించుకోలేదు. కాబట్టి సీమ అంటే రాయలసీమ అన్న అర్థానికి ఇంకా నూరేళ్ళు నిండలేదు. బావగారు చెప్పిన అర్థం దానికంటే పెద్దది.

చిత్తూరు సంగతి ఇంకా తమాషా. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు కొన్ని కలిపి 1911లో ఆ జిల్లా చేశారు. తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా ఆర్కాటు వైపు నుంచి వచ్చింది. దత్తమండలం కాని నేల కూడా ఇవాళ నిస్సందేహంగా సీమే. తిరుపతిలో వేలాడే బోర్డును తిరుపతి చెవితోనే చదవాలి.

ఇక 'కాల్చు'. ఉడికించడానికి నీళ్ళు కావాలి, వేయించడానికి మూకుడు కావాలి, కాల్చడానికి నిప్పు చాలు. వంకాయ కాల్చి పచ్చడి చేస్తాం, అప్పడం కాలుస్తాం, గెనుసుగడ్డలు బూడిదలో పెట్టి కాలుస్తాం. (రొట్టె, దోసె లాంటివి పెనం ఎక్కి కూడా 'కాలుతాయి'.) మాంసానికీ ఈ మాట కొత్త కాదు. ఆదివారం పొట్టేలు తల, కాళ్ళు కాల్పించుకురమ్మని మీ ఇంట్లో ఎవర్నో ఒకర్ని పంపే ఉంటారు. తిరుపతి పక్కనే శ్రీకాళహస్తి. తిన్నడు అడవిపంది మాంసం నిప్పుల మీద కాల్చి, రుచి చూసి మరీ శివుడికి పెట్టాడని కథ. ఆయన కన్నప్ప అయ్యాడు గానీ 'కాల్చావెందుకు, గ్రిల్ చేయాల్సింది' అని శివుడు అడగలేదు.

పండిత పదం కావాలంటే అదీ ఉంది. ఊచకు గుచ్చి కాల్చిన మాంసాన్ని అమరకోశం శూల్యం అంది. అలా వండడాన్ని చెప్పే మాట కోసం పాణిని 'శూలాత్ పాకే' అని ఏకంగా ఒక సూత్రమే రాశాడు. అయితే 'శూల్యశాల' అని బోర్డు పెడితే కత్తులమ్మే కొట్టనుకుని జనం దాటిపోతారు. నేనైతే సిఫార్సు చేయను. వంటకాన్ని కాల్చిన కోడి, కాల్చిన చియ్యలు అనండి. మీ పల్లెల్లో సియ్యలు అంటారే, అదే పాత నిఘంటువుల్లోని చియ్య. మాంసానికి అచ్చతెలుగు మాట. పట్నం మెనూలు దాన్ని మరిచిపోయాయి.

బల్ల మధ్య బొగ్గుల తొట్టి ఉండే హోటలును మాత్రం బార్బెక్యూ అనే అనండి. దాని మూలం కరిబియన్ దీవుల్లోని టైనో జనం మాట 'బార్బకోవా'. స్పానిష్ మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. నేలకు ఎత్తుగా కర్రలతో కట్టిన తడికె అని అర్థం. దాని కింద నిప్పు పెట్టి మాంసం కాల్చేవారు, అలాంటి దాని మీదే పడుకునేవారు కూడా. మన చేలో మంచె లాంటిదన్నమాట.

బార్బెక్యూ, బార్బిక్యూ రెండూ వాడుకలో ఉన్నాయి. మీరు పంపిన ఫొటోలో బోర్డు మీద ఒకలా, మెనూలో ఇంకోలా ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఏదో ఒకటే రాయమని చెప్పండి.