టైటానియం డయాక్సైడ్‌తో యాంటీబయాటిక్స్ పోతాయా? నా ప్రాజెక్టులో చూసింది

టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి ఎండలో పెడితే ఫార్మా మురుగునీళ్లలోని యాంటీబయాటిక్స్ పోతాయా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి తీసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకోండి, కానీ మందు మాయమైందా అని మాత్రమే చూసి ఆగిపోకండి.

నేను సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మీద చేశాను. ఆ మందే ఎందుకంటే, పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసి వదిలే నీళ్లలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా అది ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఆ మాత్రలు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పొడి కలపగానే నీళ్లు పల్చటి మజ్జిగలా అవుతాయి. లైటు వేసే ముందు అరగంట చీకట్లో కలపండి, లేకపోతే పొడికి అంటుకున్న మందు కూడా విరిగిపోయిందని లెక్కలోకి వచ్చేస్తుంది. పొడి లేకుండా ఉత్త లైటు కింద కూడా ఒకసారి చేయండి, సిప్రో వెలుతురుకి తనంతట తనే కొంత విరుగుతుంది.

డిస్టిల్డ్ వాటర్‌లో గంటకల్లా హెచ్‌పీఎల్‌సీలో (నీళ్లలో ఏ పదార్థం ఎంతుందో కొలిచే యంత్రం) సిప్రో ఉందని చూపే పీక్ పోయింది. సంబరపడ్డాను. మా గైడ్ మేడం ఆ నీళ్లలోనే చిన్న కాగితం డిస్క్ తడిపి, ఈ.కోలై బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద పెట్టించారు. మర్నాడు చూస్తే డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, చిన్నదే కానీ స్పష్టంగా ఉంది. అంటే మందు పని ఇంకా పూర్తిగా పోలేదు. వెలుతురు తగిలితే ఈ పొడి పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్స్ (మందుని విరగ్గొట్టే చురుకైన కణాలు) ముందు సిప్రో అణువులో ఒక పక్కనుండే పైపెరజీన్ అనే భాగాన్ని కొరుకుతాయి, బ్యాక్టీరియాని దెబ్బతీసే క్వినోలోన్ భాగం ఇంకా మిగిలే ఉంటుంది. లైటు ఇంకా చాలాసేపు ఉంచాకే ప్లేటు నిండా బ్యాక్టీరియా పెరిగింది.

అసలు మురుగునీళ్లలో కథ వేరు. క్లోరైడ్, బైకార్బొనేట్, మిగతా సేంద్రియ పదార్థాలు ఆ రాడికల్స్‌ని మధ్యలోనే తినేస్తాయి, రంగు నీళ్లయితే వెలుతురే లోపలికి పోదు. అందుకే దీన్ని బయలాజికల్ ట్రీట్‌మెంట్ (సూక్ష్మజీవులతో చేసే శుద్ధి) తర్వాత చివరి మెట్టుగానే ఆలోచించండి. పైగా ఈ పొడికి యూవీ (అతినీలలోహిత) కిరణాలు కావాలి, ఎండలో అది 5 శాతం లోపే. మామూలు వెలుతురుకే పనిచేసే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ అనే మరో పొడిని యూరియా కాల్చి మీ ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు, అవకాశం ఉంటే దాంతో మొదలుపెట్టండి.

ప్లేటు పరీక్ష సంగతి మైక్రోబయాలజీ వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, సెమిస్టర్ చివర్లో ఇంక్యుబేటర్ దొరకదు.