మిరప నారుకు బెల్లం నీళ్లు పోస్తే పిల్లవేర్లు వస్తాయా?

ప్రశ్న: ప్రోట్రేల్లో (నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రేల్లో) మిరప నారు పోసి 28 రోజులైంది. ఎండకు భయపడి 50 శాతం షేడ్‌నెట్ రెండు పొరలు కట్టాను. నారు సన్నగా సాగిపోయింది. లాగితే కొబ్బరిపొట్టు రాలిపోయి తల్లివేరు ఒక్కటే చేతికొస్తోంది. బెల్లం నీళ్లు పోస్తే వేర్లు గుబురుగా వస్తాయంటున్నారు. పోయమంటారా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పోయకండి. వేర్లకు చక్కెర కావాలన్నది నిజమే. కానీ అది ఆకులో తయారై కాండం గుండా కిందికి దిగాలి. ట్రేలో పోసిన తీపిని ముందు సూక్ష్మజీవులు తినేస్తాయి. తడి ఎక్కువగా ఉన్న ట్రేలో నారుకుళ్లు తెగులుకూ అది ఊతమవుతుంది.

ఒక మొక్కను నెమ్మదిగా కడిగి తల్లివేరు చూడండి. పక్కన తెల్లటి చిన్న బొడిపెలు కనిపిస్తే అవే పిల్లవేర్లు. అవి వేరు పైపొర మీద పుట్టవు, లోపలి పొరలోని కణాలు విభజన చెంది, బయటికి చీల్చుకుని వస్తాయి. అలా విభజన చెందమని చెప్పేది ఆక్సిన్ అనే హార్మోను. అయితే ఆ ఒక్క మాట చాలదు. అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్క మీద జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2023లో వచ్చింది. వేరుకు చక్కెర అందుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండే ప్రోటీను ఒకటుంది, పేరు టార్. దాన్ని అడ్డుకుంటే, ఆక్సిన్ పురమాయించినా పిల్లవేరుకు అవసరమైన జన్యువుల నుంచి ప్రోటీన్లు సరిగా తయారు కాలేదు, వేరు మొదలవలేదు. మిరపలోనూ వేరుకు తిండి ఆకు నుంచే రావాలి. మీ నారుకు రెండు పొరల కింద దక్కేది పాతిక శాతం వెలుతురే. ఉన్న కాస్త చక్కెరా కాండం సాగడానికే అయిపోతోంది పాపం.

ఈరోజే ఒక పొర తీసేయండి. నాలుగు రోజులయ్యాక రెండోది ఉదయం, సాయంత్రం తీసి, మధ్యాహ్నం మాత్రం కప్పండి. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి. పైన కొబ్బరిపొట్టు కాస్త ఆరాకే నీళ్లివ్వండి. పచ్చగా లేదని యూరియా మాత్రం వేయకండి, నారు ఇంకా సాగుతుంది. మొదళ్లు మెత్తబడి పడిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి.

పది రోజులయ్యాక నాలుగైదు గుంతల్లో మొక్కలు లాగి చూడండి. కొబ్బరిపొట్టు రాలకుండా గడ్డతో సహా వస్తే నాటుకోవచ్చు. రాకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగండి, టెన్షన్ పడి ముందే నాటకండి.